మూడు నెలలుగా తెరవనివి

ప్రోగ్రాములు రాసేవాళ్లంటే నాకు గిట్టదు. ఈ మాట వాళ్ల ముందే అంటాను, కాబట్టి ఇందులో చాటుమాటు ఏమీ లేదు. వండడం వాళ్ల వంతు. పొయ్యి తుడవడం, గిన్నెలు తోమడం, గ్యాసు అయిపోకముందే సిలిండరుకి చెప్పడం మా వంతు. వంట బాగుందన్న మెప్పు వాళ్లకి, పొయ్యి వెలగలేదన్న తిట్లు మాకు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే అయితే మోసేవాళ్లెవరని ఒకసారి మీటింగులో అడిగాను. అప్పట్నుంచి నేను గయ్యాళినని ఆఫీసులో పేరు.

నా పేరు హైమవతి. విశాఖపట్నంలో రుషికొండ దగ్గర ఒక పరిశోధనశాలలో సర్వర్లు చూసుకుంటాను. ఆ ల్యాబ్‌లో పుట్టిందే ‘ధారణ’. మతిమరుపు జబ్బు ముదిరినవాళ్ల చెవి వెనక, చర్మం కింద, రూపాయి బిళ్లంత పలక ఒకటి అమరుస్తారు. మెదడు జారవిడుస్తున్నదాన్ని అది పట్టుకుని మా సర్వర్లకి పంపుతుంది. అక్కడ ఒక్కో జ్ఞాపకం ఒక్కో ఫైలు. అవసరం పడ్డప్పుడు ఆ ఫైలు తెరుచుకుని, అందులోది మళ్లీ ఆ మనిషి తలలోకి వెళుతుంది.

మా ఇంట్లో అది రోజూ చూస్తుంటాను. మా అత్త అప్పలనరసమ్మ పొద్దున్నే వంటింటి గుమ్మంలోకి వచ్చి నా వంక చూస్తుంది. ఒక్క క్షణం ఆ కళ్లలో ఏమీ ఉండదు. ఎవరో పరాయి ఆడమనిషి తన వంటింట్లో ఎందుకుందో తెలియక నిలబడిపోతుంది. ఆ క్షణంలోనే రుషికొండలో ఒక ఫైలు తెరుచుకుంటుంది.

“ఏటే హైమా, ఇంకా టీ పెట్టనేదేటి?” అంటుంది.

అంతే. ఆ ఒక్క ప్రశ్న కోసమే మా ల్యాబ్‌లో అంతమంది అన్నేళ్లు కష్టపడ్డారు. ధారణ రాకముందు ఆమె నన్ను దొంగ అనుకుని చీపురుతో కొట్టింది. వచ్చాక ఇంట్లో ఒంటరిగా ఉండి, పప్పు నానబెట్టి, నేను ఆలస్యంగా వస్తే తిట్టే మనిషిగా మళ్లీ తయారైంది.

ఆషాఢంలో ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి, అన్నం కంచం ఆమె ముందు పెట్టాను. ఆమె కంచం వంక చూసింది, నా వంక చూసింది. ఎడమ చేత్తో కంచాన్ని ఒక్క తోపు తోసింది. చారు నా చీరంతా చిందింది.

“నా కొడుకుని తినీసినావు. ఇప్పుడు నాకేటి పెడతన్నావు, విసమా?”

నేను కొయ్యబారిపోయాను. ఆ మాట నాకు కొత్తది కాదు. కొత్త కాదు కాబట్టే కొయ్యబారిపోయాను. అది ముగిసిపోయిన మాట.

సంగతి చెప్పాలి. అంతకుముందు కార్తీకంలో తుపాను పట్టిన రోజున, నేను ఆఫీసులో ఉండగా, మా ఆయన కూర్మారావు ఫోన్ చేశాడు, రానా అని. వద్దు, ఆఫీసు కారు ఉంది, అందులో వస్తానన్నాను. సరే పడుకుంటానన్నాడు. అయినా స్కూటరు వేసుకుని బయల్దేరాడు. హనుమంతవాక దగ్గర లారీ గుద్దింది. నేను కారులో ఇంటికి చేరేసరికి ఇంటిముందు పోలీసు జీపు ఉంది. వద్దంటే సరేనన్నవాడు ఎందుకొచ్చాడో నాకు అర్థం కాలేదు.

అత్త మాత్రం అర్థం చేసుకునే పని పెట్టుకోలేదు. శవం ఇంకా గుమ్మం ముందుండగానే అందరిలో అంది, “ఆ వానలో ఆడిని రమ్మన్నదెవులు? ఇది కాదేటి?” అని. నేను రమ్మనలేదని ఎంత చెప్పినా వినలేదు. అప్పట్నుంచి రోజూ అదే పాట. అన్నం తింటూ తిట్టేది, తిన్నాక తిట్టేది, పక్కింటివాళ్లని పిలిచి మరీ తిట్టేది. నేనూ తక్కువ తినలేదు, మాటకి మాట అన్నాను. ఆ చలికాలమంతా మా ఇంట్లో పొయ్యి కన్నా మేమే ఎక్కువ మండాం.

శివరాత్రి నాడు మధ్యాహ్నం, ఉపవాసంతో ఇద్దరం నీరసంగా పడి ఉన్నాం. అత్త గోడ వైపు తిరిగి పడుకుని, నా వంక చూడకుండానే చెప్పింది.

“నీ తప్పు నేదే హైమా. కోడలు గుంట తడిసిపోతాది, ఎల్లి తీసుకురారా అని ఆడిని నానే పంపినాను. పడుకున్నోణ్ణి లేపి మరీ పంపినాను.”

అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. నేనూ ఏమీ అడగలేదు. లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె చెయ్యి తీసి నా ఒళ్లో పెట్టుకున్నాను, వెనక్కి లాక్కోలేదు. ఆ తర్వాత ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. తిట్లు ఆగిపోయాయి. ఉప్పెక్కువైందనీ, బట్టలు సరిగ్గా ఉతకలేదనీ మామూలు అత్తాకోడళ్ల రభస మాత్రం మిగిలింది. ఆ రభస నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

అలాంటిది, ఇప్పుడు మళ్లీ చారు నా చీర మీద ఉంది. జబ్బు ముదిరిందేమోనని భయపడుతూ మర్నాడు ఆఫీసుకి వెళ్లాను.

అక్కడ ఫోన్లు మోగిపోతున్నాయి. ధారణ పెట్టించుకున్నవాళ్ల ఇళ్లన్నిటి నుంచీ ఒకటే గోల. గాజువాక నుంచి ఒకాయన ఏడుస్తున్నాడు, తన భార్య తనని చెంబుతో కొట్టిందట. పెళ్లిలో తన అన్న ఆమె పుట్టింటివాళ్లని ఏదో అన్నాడని. పెళ్లయి నలభై ఏళ్లు దాటింది. రిటైరైన హెడ్‌మాస్టరు ఒకాయనకి కూతురు పేరు గుర్తు లేదు, కానీ తనకి ప్రమోషన్ రాకుండా చేసినవాడి పేరు, ఇంటిపేరుతో సహా గుర్తుంది. ఇంకొకామె మనవణ్ణి దగ్గరికి రానివ్వడం లేదు. ఎవరో పగవాడి కొడుకనుకుంటోంది.

ఫోన్ ఎత్తిన ప్రతిసారీ నాకు ఒకటే తట్టింది. వీళ్లెవరూ మర్చిపోలేదు. ఏరి ఏరి కొన్నే గుర్తుంచుకున్నారు.

ప్రోగ్రామర్ రుత్విక్‌ని పిలిచాను. పాతికేళ్లవాడు, తెలివైనవాడు. ధారణలో ముఖం గుర్తుపట్టే భాగమంతా వాడు రాసిందే. ఆ వారం రాత్రీపగలూ సర్వర్ల డ్యూటీ వాడిది.

“నిన్న సర్వర్ మీద ఏం చేశావు?”

“డిస్క్ ఫుల్ అయిపోయింది మేడమ్. వార్నింగ్ వచ్చింది. కొంచెం క్లీన్ చేశాను.”

“కొంచెమంటే?”

వాడు స్క్రీన్ మీద చూపించాడు. ఒకే ఒక్క లైను. మూడు నెలలుగా ఎవరూ తెరవని ఫైళ్లన్నీ వెతికి తీసెయ్యమని. లైనులో తప్పేం లేదు, నేనూ వాడతాను. మెషీన్ తన రోజువారీ సంగతులు రాసిపెట్టుకునే లాగ్ ఫైళ్లుంటాయి. పాతబడ్డాక అవి చెత్తే, తీసెయ్యవచ్చు. కానీ ఆ లైను కొట్టేముందు లాగ్‌ల ఫోల్డర్‌లోకి దిగాలి. వీడు దిగలేదు. ఒక మెట్టు పైనే నిలబడి కొట్టాడు. ఆ మెట్టు కింద లాగ్‌లు ఉన్నాయి, వాటి పక్కనే మనుషుల జ్ఞాపకాలూ ఉన్నాయి.

“ఎక్కడున్నావో చూసుకోలేదా?”

“లాగ్స్‌లోనే ఉన్నాననుకున్నా మేడమ్.”

“నన్నెందుకు పిలవలేదు?”

వాడు తల దించుకున్నాడు. “పిలిస్తే తిడతారని.”

నాకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది. తిడతానని పిలవలేదట! తిట్టించుకుని ఉంటే పోయేది తిట్లతోనే కదా. ఇప్పుడు నూటయాభై ఇళ్లలో మనుషులు మనుషుల్ని కొట్టుకుంటున్నారు.

మా డైరెక్టరు డాక్టర్ భానోజీరావు గారు పరుగున వచ్చారు. ధారణ ఆయన బుర్రలో పుట్టింది. మెదడు గురించి ఆయనకి తెలియనిది లేదు. సర్వర్ల గురించి మాత్రం ఆయనకున్న సిద్ధాంతం ఒకటే, ల్యాబంతా ఒక కుటుంబం అని. అందుకే అసలు సర్వర్ల పాస్‌వర్డ్ అందరికీ తెలుసు. కుటుంబంలో మాత్రం బీరువా తాళాలు అందరి చేతికీ ఇస్తారా అని నేను ఏనాడో అడిగాను. నవ్వి ఊరుకున్నారు.

“పోయినవి పాతవే కదా హైమవతి గారూ?” అన్నారు ఆశగా. “వాళ్లే వాడుకోని జ్ఞాపకాలు. మరి ఈ కోపం ఎక్కణ్ణుంచి వచ్చింది?”

“పాతవి కావండీ, తెరవనివి. మనిషి రోజూ తలచుకునేది ఎవర్ని? పెట్టినవాళ్లనా, తిట్టినవాళ్లనా?”

ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. ఆయనంతటి మనిషికి అంతకన్నా చెప్పనక్కర్లేకపోయింది. పడ్డ మాటని మనిషి రోజుకి పదిసార్లు తీసి చూసుకుంటాడు. పుచ్చుకున్న మంచిని ఒకసారి పుచ్చుకుని లోపల పెట్టేస్తాడు, అదెక్కడికి పోతుందిలే అన్న ధీమాతో. తన తప్పై మరీ బాధపెట్టేదాన్నైతే అసలు ముట్టుకోడు. ముట్టుకోనివన్నీ రుత్విక్ లైను ఊడ్చుకుపోయింది. పగలూ కక్షలూ మిగిలాయి.

అత్త శివరాత్రి నాడు చెప్పిన మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. నానే పంపినాను. ఒక్కసారి బయటికి చెప్పి, ఇక భరించలేక మూసేసిన మాట అది. ఆమె మళ్లీ తెరిచి ఉండదు. కొడుకు చావునీ నా మీది నిందనీ మాత్రం, పైకి తిట్టకపోయినా, లోపల రోజూ తెరుస్తూనే ఉండి ఉంటుంది.

“బ్యాకప్ ఉంది కదా?” అన్నారు డైరెక్టరు గారు.

“ఉంది సార్, రోజూ సక్సెస్ అని మెయిల్ వస్తోంది,” అన్నాడు రుత్విక్.

అవును, నాకూ రోజూ వచ్చేది ఆ మెయిలు. ముగ్గురం, ఫైళ్లన్నిటికీ రోజూ కాపీ దాచే బ్యాకప్ మెషీన్ ఉన్న గదికి వెళ్లాం. తలుపు తీశాక ముగ్గురం గుమ్మంలోనే ఆగిపోయాం. మెషీన్ మీద పసుపు అంచు కొత్త తువ్వాలు కప్పి ఉంది. దాని మీద ఎండి నల్లబడ్డ బంతిపూల దండ.

మా ల్యాబ్‌లో దసరాకి ఆయుధపూజ ఘనంగా చేస్తాం. సర్వర్లకి పసుపు, కుంకుమ, దండలు. పనిముట్టుకి ఆ ఒక్క రోజూ విశ్రాంతి ఇవ్వాలని భానోజీరావు గారి పట్టుదల, వాళ్ల నాన్నగారు లేతు మెషీన్ మీద పనిచేసినప్పటి నుంచీ వాళ్ల ఇంటి ఆచారం. రోగుల తలలతో ముడిపడ్డ సర్వర్లని ఆపలేం కదా. అందుకని వాటన్నిటి తరఫునా బ్యాకప్ మెషీన్‌ని ఆపి, తువ్వాలు కప్పి, గుమ్మడికాయ కొట్టాం. మర్నాడు విజయదశమి సెలవు. సెలవు తర్వాత ఎవరు ఆన్ చేశారు? రుత్విక్ చేశాడని నేను, నేను చేశానని రుత్విక్, మేమిద్దరం చేశామని డైరెక్టరు గారు. తిలాపాపం తలా పిడికెడు. ఇక ఆ మెయిలంటారా, అది రుత్విక్ రాసిన ప్రోగ్రాము. తన పని తాను మొదలుపెట్టగానే సక్సెస్ అని మెయిలు కొట్టేసేది. అవతల తీసుకునే మెషీన్ లేచి ఉందా లేదా అని చూసేది కాదు. బ్యాకప్‌ని తిరిగి తీసి చూడకపోతే అది బ్యాకప్ కాదని నేనే అందరికీ చెప్పేదాన్ని. కార్తీకం తర్వాత నాకు దేన్నీ తీసి చూసే ఓపిక లేకపోయింది.

డైరెక్టరు గారు తువ్వాలు తీసి మడత పెట్టారు. నాకు జాలి వెయ్యలేదు.

“దసరా దాకా ఉన్నవి వెనక్కి తేగలం,” అన్నాను. “దసరా తర్వాత వాళ్లు దాచుకుని తెరవనివి, పోయినట్టే.”

“అయితే దసరా నాటి కాపీని మొత్తం ఎక్కించేద్దాం మేడమ్,” అన్నాడు రుత్విక్, అప్పుడే కీబోర్డు దగ్గరికి జరుగుతూ.

“చెయ్యి తియ్యి!”

నా అరుపుకి పక్క గదిలోవాళ్లు తొంగిచూశారు.

“దసరా నాటికి మా ఆయన బతికున్నాడు. నువ్వు మొత్తం ఎక్కిస్తే మా అత్త కొడుకు కోసం గుమ్మంలో కూర్చుంటుంది. అప్పుడు నువ్వొచ్చి చెప్తావా ఆమెకి?”

రుత్విక్ ముఖం పాలిపోయింది. మా ఇంటి సంగతి వాడికి అంతవరకూ అంతే తెలుసు, మా ఆయన పోయాడని. వాణ్ణి కూర్చోబెట్టాను. ఆ రోజూ, ఆ మర్నాడూ వాడికి నేను పెట్టిన నరకం వాడు జన్మలో మర్చిపోడు. ముందు పాస్‌వర్డ్ మార్చి, అది నా దగ్గరే ఉంచుకున్నాను. ఉన్న ఫైలుని ముట్టుకోకూడదు, లేనిదాన్ని మాత్రమే పాత కాపీలోంచి తెచ్చి పెట్టాలి. కమాండ్ రాయమన్నాను. రాశాడు. పైకి చదవమన్నాను. చదివాడు. ఇప్పుడు ఎక్కడ నిలబడ్డావో చూసి చెప్పమన్నాను. మెషీన్‌ని పని చెయ్యనివ్వకుండా, చేస్తే ఏం చేస్తుందో మాత్రం చూపించమని అడగడం నేర్పాను. చూపించింది. అందులో ఒక్క తప్పు కనబడేసరికి మళ్లీ మొదట్నుంచి చదివించాను.

“ఇంతసేపా మేడమ్?” అన్నాడు ఒకసారి, నీరసంగా.

“తీసెయ్యడానికి నీకెంతసేపు పట్టింది?”

మళ్లీ మొదటి లైను నుంచి చదివాడు.

ముందు ఒక్కరి మీదే చేసి చూడాలి. ఎవరి మీద చేద్దామన్నారు డైరెక్టరు గారు, రోగుల పేర్లన్నీ ముందేసుకుని. మా అత్త మీదే చెయ్యండన్నాను. ఇంకొకరి అమ్మ మీద ప్రయోగం చెయ్యడానికి నాకు నోరు రాలేదు. అత్త అయితే ఏం తేడా వచ్చినా నా కళ్లముందే ఉంటుంది.

పని జరిగింది. నేను ఇంటికి వెళ్లేసరికి అత్త వీధి అరుగు మీద కూర్చుని పక్కింటామెకి కొడుకు చిన్నప్పటి కబుర్లు చెబుతోంది. సముద్రంలో పీతని పట్టబోయి వేలు కొరికించుకున్నాడని, ఇంటికొచ్చి చెప్పకుండా వేలు జేబులో పెట్టుకుని తిరిగాడని. చెబుతూ నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది. పోయాడని తెలుసు, ఉన్నప్పటివీ అన్నీ తిరిగొచ్చాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. మర్నాటి నుంచి మిగతా ఇళ్లకీ చేశాం. గాజువాక ఆయన ఫోన్ చేసి, తన భార్య కొట్టిన చోట తనే నూనె రాసిందని చెప్పి ఏడ్చాడు.

కానీ ఆ మొదటి సాయంత్రమే, అరుగు మీంచి నన్ను చూడగానే అత్త నవ్వు ఆపేసింది.

“ఒచ్చినాది, నా కొడుకుని రమ్మని సంపీసినది,” అని పక్కింటామెతో అంది.

నా చేతి అన్నం ముట్టలేదు. పక్కింటామె తెచ్చిన ఇడ్లీ ఒక ముక్క తిని, ఇది దీని వంటింట్లోంచే ఒచ్చిందేమో అని అనుమానపడి అదీ మానేసింది. రస్కులు నీళ్లలో ముంచుకుని తినేది. చూస్తుండగానే చెంపలు లోపలికి పోయాయి. మా వీధి డాక్టరు వచ్చి చూసి, ఇలా అయితే ఆసుపత్రిలో చేర్చి గొట్టంతో ఎక్కించాల్సిందే అన్నారు. నేను బతిమాలాను, కసిరాను, అలిగాను. నువ్వే ఒకసారి నా తప్పు లేదన్నావు అత్తా అని కూడా అన్నాను.

“నానా? నానలగ అన్నేదు. నాకేటి పిచ్చా?”

అబద్ధమాడుతున్న ముఖం కాదు అది. నిజంగానే ఆమె అనలేదు. అన్న అత్త పోయింది, అననిది నా ఎదురుగా ఉంది.

ఆ కోపం రుత్విక్ మీద చూపించాను. ఇంకెవరున్నారు చూపించడానికి? అరిచి అరిచి, చివరికి శివరాత్రి నాటి మాటంతా వాడికి చెప్పేశాను. వాడు అంతా విని నెమ్మదిగా అన్నాడు.

“ఆ ఫైలు మనం మళ్లీ తయారు చెయ్యగలం మేడమ్. ఆమె గొంతు, మాట తీరు, ఆ గది, గోడ, అన్నీ మన దగ్గరున్నాయి. మీరు జరిగింది జరిగినట్టు చెప్తే చాలు. తనే అన్నట్టు ఆమెకి గుర్తొస్తుంది. మిమ్మల్ని ఇంకొక మాట అనదు.”

“దొంగ జ్ఞాపకమా?”

“దొంగది ఎందుకవుతుంది మేడమ్? జరిగిందే కదా.”

నిజమే, జరిగిందే. నేను కాదనలేకపోయాను. ఒక్కొక్కటీ చెప్పాను, వాడు రాసుకున్నాడు. వాడు చేసిన పాపాన్ని వాడు కడుక్కోవాలనుకుంటున్నాడు, నా పేరు కడుక్కోవాలని నాకూ ఉంది. నేను చెయ్యని హత్యకి మా వీధంతా నన్ను హంతకురాలిగా చూస్తోంది. కొడుకుని పోగొట్టుకుంది ఆమె ఒక్కతేనా? మొగుణ్ణి పోగొట్టుకున్నదాన్ని నేను. ఏడవడానికి నాకు ఒక్క రోజన్నా ఇచ్చిందా ఆమె? తయారవ్వనీ, ఎక్కించేస్తాను అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నానికి తయారైందని రుత్విక్ ఫోన్ చేశాడు. ఇంటి నుంచే పాస్‌వర్డ్ కొట్టి వాడికి దారి తెరిచాను. అన్నీ రెండుసార్లు చూశానని, కమాండ్ రాసి ఉంచానని, మీరు ఊఁ అంటే వేస్తానని అన్నాడు. ఒక్క నిమిషం ఆగమని ఫోన్ పెట్టేశాను. ఎందుకు ఆగమన్నానో నాకే తెలియదు. చేపల పులుసు వేడిగా ఉంది. అన్నం పెట్టుకుని అత్త ముందు కూర్చున్నాను.

ఆమె గోడకి ఆనుకుని ఉంది. గొంతులో బలం లేదు, కానీ కోపానికి మాత్రం ఉంది.

“తీసీ ఇక్కణ్ణుంచి.”

“తిను అత్తా. కూర్మారావుకి ఇష్టమైన పులుసు.”

“ఆడి పేరెత్తకు. ఆడి పేరెత్తడానికి నీకేటి అర్హత ఉంది? నా కొడుకు నా మాట ఏనాడూ కాదన్నేదు. ఎండనక వాననక, ఎల్లమంటే ఎల్లేవోడు, ఆగమంటే ఆగేవోడు. తాగొచ్చినా సరే, నాను పిలిస్తే పలికేవోడు. అలటి గుంటణ్ణి కన్నాను నాను.”

చెబుతుంటే ఆమె ముఖం వెలిగింది. ఇన్నాళ్లలో ఆమెకి మిగిలిన సంపద అంతా ఆ ఒక్క మాటలో ఉంది. నా కొడుకు నా మాట కాదన్నేదు.

వెళ్లమంటే వెళ్లేవాడు. అవును. అందుకే వెళ్లాడు.

నేను ఊఁ అంటే ఏమవుతుందో అప్పుడు కనబడింది. ఆ ఫైలు తెరుచుకున్న క్షణంలో ఈ మాటే ఆమె మెడకి ఉరి అవుతుంది. శివరాత్రి నాడు గోడ వైపు ఎందుకు తిరిగిందో, ఆ తర్వాత ఒక్కసారైనా ఆ మాట ఎందుకు తలవలేదో ఇన్నాళ్లకి తెలిసింది. నాకు అది క్షమాపణ. ఆమెకి అది కడుపుకోత. రుత్విక్ చేసిన ఘోరంలో, ఎవరికీ తెలియకుండా, ఆమె ఒక్కదాని నెత్తి మీది బండ దిగిపోయింది. దాన్ని మళ్లీ ఎత్తి ఆమె నెత్తి మీద పెట్టడానికి నేను వారం రోజులు కష్టపడ్డాను.

నాకు ఏడుపొచ్చింది, ఆమె ముందు ఏడవడం ఇష్టంలేక పళ్లు బిగించాను.

“అవునత్తా,” అన్నాను. “నేనే రమ్మన్నాను.”

ఆమె తల తిప్పింది.

“ఏటన్నావు?”

“వాన పడుతోంది, తడిసిపోతాను, వచ్చి తీసుకెళ్లమని నేనే ఫోన్ చేశాను. వద్దులే అన్నాడు. నేనే బలవంతపెట్టాను.”

ఆమె నన్ను చాలాసేపు చూసింది. అరుస్తుందనుకున్నాను, కొడుతుందేమో అనుకున్నాను. ఆమె భుజాలు జారిపోయాయి. ఇన్నాళ్లూ గట్టిగా పట్టుకున్నదాన్నేదో కింద పెట్టిన మనిషిలా వెనక్కి ఆనుకుంది.

“నాకు తెల్దేటి,” అంది. “నాకు తెలుసు. ఆ ఒక్క ముక్క నీ నోటంట రాడానికి ఇన్నాళ్లు పట్టింది.”

కంచం దగ్గరికి లాక్కుంది. పులుసు కలుపుకుని ఒక ముద్ద పెట్టుకుంది, నమిలింది, మింగింది. ఇంకో ముద్ద పెట్టుకుంది.

ఫోన్ మోగింది. రుత్విక్.

“మేడమ్, వెయ్యమంటారా?”

“వద్దు. దాన్ని తీసెయ్.”

వాడు ఈ మధ్య నేర్చుకున్న భయంతో, జాగ్రత్తగా అడిగాడు. “ఒక కాపీ అయినా ఉంచనా మేడమ్?”

“ఏమీ ఉంచకు. ఎక్కడున్నావో చూసుకుని తీసెయ్.”

ఫోన్ పెట్టేశాను. అత్త ముద్ద చేతిలో పట్టుకుని నా వంకే చూస్తోంది.

“ఎవులే?”

“ఆఫీసోళ్లు.”

“ఆదివారం కూడానా? ఆ ఆపీసు, నువ్వు కలిసి నా కొడుకుని తినీసినారు.” ఉమ్మేసినట్టు అని, కంచం నా వైపు జరిపింది. “సూస్తన్నావేటి? పెట్టు, ఇంకొంచెం.”

పెట్టాను.